పదికి ఎంత?

మామిడికాయకు గ్రేడు వేసేది తినేవాడి కోసం కాదు. నూజివీడు వైపు పుట్టినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ఆగిరిపల్లి, ముసునూరు, విస్సన్నపేట రోడ్ల నిండా కాయ లోడ్లే. నున్న మార్కెట్టు షెడ్లలో వరిగడ్డి పరిచి బంగినపల్లి కాయ కుప్ప పోస్తారు. చుట్టూ ఆడకూలీలు కూర్చుని ఏరుతుంటారు. వాళ్ల చేతులు కాసేపు చూడండి. ఒక చేత్తో కాయ ఎత్తడం, బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పడం, అంతే. ముచ్చిక దగ్గర సొన కారి నల్లబడిందా, భుజాలు నిండాయా, కొమ్మ రాసుకుని మచ్చ పడిందా అన్నది ఆ తిప్పులోనే తేలిపోతుంది. మంచిది ఇటు, మచ్చది అటు, దెబ్బ తగిలింది వెనక్కి. ఒక్కరూ కొరికి చూడరు. ఆ గ్రేడు ఎక్కడో ఢిల్లీలో కూర్చుని, కాయ ముఖం చూడకుండానే సరుకు పంపమనే వ్యాపారి కోసం.

తినడం సంగతి వేరు. మా వైపు తినడానికి మొదటి ఓటు రసాలకే. చిన్నరసాన్ని అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, నోట పెట్టుకుని పీల్చాలి. మోచేతి దాకా కారాలి. చివరికి టెంక చీకాలి. కానీ దాని తోలు పల్చన. పండిందంటే నిలవ ఉండదు, లారీ కుదుపులు ఓర్చుకోదు. బంగినపల్లికి తోలు గట్టి, కండ గట్టి. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను బంగినపల్లిని తక్కువ చేయడం లేదు (ముక్కలు కోసి చుట్టాలకు పెట్టడానికి దాన్ని మించింది లేదు). అయితే దూరాభారం మోయగలిగిన కాయకే దూరపు మార్కెట్టులో పేరు వచ్చింది. చిన్నరసం మా జిల్లాలోనే గొప్పది.

పాటకు వేసే మార్కు మరి దేన్ని కొలుస్తుంది?

మేం కొందరం ఆదివారం సాయంత్రాలు ఫోన్లో కలుస్తాం. నూజివీడులో కలిసి చదువుకున్నవాళ్లం. ఒకడు ఆగిరిపల్లి దగ్గర తోట చూసుకుంటున్నాడు, ఒకడు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగి, ఒకడు డాలస్‌లో ఉంటాడు, వాడికి అప్పుడే తెల్లవారుతుంది. కుర్రతనంలో విజయవాడ నుంచి తెచ్చుకున్న కాపీ సీడీల్లో విన్న ఇంగ్లీషు ఆల్బాలు, ముఖ్యంగా చిన్న చిన్న లేబుళ్ల మీద వచ్చిన ఇండీ రాక్ బాపతు, వారానికొకటి మళ్లీ విని పదికి ఇంత అని చెప్పుకోవడం మా ఆట. మధ్యలో తెలుగువీ వస్తాయి. హైదరాబాదు బృందం చౌరస్తా పాటలు ఒక వారం విన్నాం. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తర్వాత ‘జాతిరత్నాలు’ సినిమాలో పాడి ఊరూరా తెలిసిపోయాడు. మాకు పెద్ద నియమాలేమీ లేవు. ఆల్బం మొత్తం వినాలి, వరసలో వినాలి. పాట దాటేసినవాడికి మార్కు వేసే హక్కు లేదు.

నాకు తిరకాసు ఇక్కడే తగులుతుంది. గ్రేడు అనేది సరుకు చూడనివాడి కోసమైతే, మా నలుగురిలో ఆల్బం విననివాడు ఎవడూ లేడు. కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. అందరూ టెంక దాకా చీకినవాళ్లే. మరి ఎవరి కోసం ఈ ఏడున్నరలు, ఎనిమిదింపావులు?

మొదట్లో సరదా అనుకున్నాను. కొన్నాళ్లకు ఒకటి గమనించాను. “బాగుందిరా” అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. బాగుంటే బాగుంది, సంతోషం. “ఏడు” అన్నామనుకోండి, అవతలివాడు ఊరుకోడు. “ఏడేంటి? ఆ నాలుగో పాటకే ఏడు ఇవ్వాలి” అంటాడు. అంకె చెప్పినవాడు తన చెవికి పూచీ పడాలి. 1790లో జర్మనీ తత్త్వవేత్త కాంట్ దీన్నే పట్టుకున్నాడు. ఒక పానీయం నాకు ఇష్టం అన్నప్పుడు మనం ఎవరి ఒప్పుకోలూ అడగం. ఇది అందంగా ఉంది అన్నప్పుడు మాత్రం, రుజువు చేతిలో లేకపోయినా, నువ్వూ ఒప్పుకోవాలి సుమా అన్న డిమాండు అందులో దాగి ఉంటుంది. రుజువు లేని డిమాండు! అందుకే ఆదివారం కాల్ రెండు గంటలు సాగుతుంది.

పదికి మార్కులు వేయడమన్నది మేం కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో ర్యాన్ ష్రైబర్ అనే కుర్రాడు 1996లో మొదలుపెట్టిన సంగీత పత్రిక ‘పిచ్‌ఫోర్క్’ దానికి పెట్టింది పేరు. అక్కడ మార్కుకు దశాంశం కూడా ఉంటుంది. రేడియోహెడ్ వాళ్ల ‘కిడ్ ఎ’ 2000లో వస్తే పదికి పది వేశారు. 2003లో లిజ్ ఫేర్ తన పేరుతోనే తెచ్చిన ఆల్బానికి సున్నా వేశారు. సున్నా పాయింట్ సున్నా. ఒక మనిషి కూర్చుని రాసి, పాడి, అచ్చు వేయించిన పనికి సున్నా అంటే ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పూత రాలిన చెట్టు కూడా నీడ ఇస్తుంది గదా. 2021లో, పత్రికకు పాతికేళ్లు నిండినప్పుడు, వాళ్లే 19 ఆల్బాలు మళ్లీ విని మార్కులు దిద్దుకున్నారు. లిజ్ ఫేర్ సున్నా నుంచి ఆరుకు లేచింది. డాఫ్ట్ పంక్ ‘డిస్కవరీ’ 6.4 నుంచి పదికి చేరింది. కొన్నిటికి తగ్గాయి కూడా. 2024లో ఆ పత్రికనే యజమాని కంపెనీ తన మగవాళ్ల పత్రిక ఒకదానిలో కలిపేసింది. మార్కులు వేసేవాళ్లకూ పైన ఎవడో ఒకడు మార్కులు వేస్తూనే ఉంటాడు.

‘కిడ్ ఎ’ మేం విన్న వారం మాలో బ్యాంకు ఉద్యోగి ఒక పని చేశాడు. వాడు చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాడు. మొదటి పాట సింథసైజర్ వరసతో మొదలవుతుంది, ఎక్కడో అడుగు తడబడుతున్నట్టు ఉంటుంది. అన్నేళ్లుగా అది మా అందరికీ వింతగానే ఉండేది, కారణం తెలియదు. వాడు తొడ మీద వేళ్లు వేసుకుంటూ, “ఆగండ్రా, ఇది నాలుగు దెబ్బల్లో లేదు. పది. ఖండచాపు రెండుసార్లు వేసుకో, సరిగ్గా కూర్చుంటుంది” అన్నాడు. వేసుకున్నాం. కూర్చుంది. ఆ తర్వాత మరెప్పుడూ ఆ పాట మాకు వెనకటిలా వినపడలేదు. వాడు ఆ రోజు ఎంత మార్కు వేశాడో నాకు గుర్తులేదు గానీ, ఆ వేళ్ల లెక్క మాత్రం నా తొడ మీదికీ దిగింది.

దీంతో డేవిడ్ హ్యూమ్ కథ ఒకటి గుర్తుకొస్తుంది. 1757లో అభిరుచి ప్రమాణం గురించి రాసిన వ్యాసంలో, ‘డాన్ క్విక్సోట్’ నవలలోని సాంచో బంధువుల కథ చెబుతాడు. ఇద్దరిని ద్రాక్షసారా పీపా రుచి చూడమంటారు. ఒకడు బాగుంది గానీ కొంచెం తోలు రుచి అంటాడు. రెండోవాడు బాగుంది గానీ ఇనుము రుచి అంటాడు. అందరూ ఇద్దరినీ చూసి నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున తోలుతాడు కట్టిన పాత తాళంచెవి. ఇద్దరిదీ నిజమే! కొందరి నాలుక మిగతావాళ్ల కంటే ఎక్కువ పసిగడుతుందని హ్యూమ్ వాదన. నేను ఒప్పుకుంటాను. ఖండచాపు దొరకబట్టినవాడి చెవీ, నా చెవీ ఒకటి కాదు. అందరి అభిప్రాయమూ సమానమే అన్న మాట వినడానికి ప్రజాస్వామ్యంగా ఉంటుంది, మనసు లోపల ఎవరూ నమ్మరు. కానీ హ్యూమ్ పీపాకు అడుగు ఉంది. ఏదో ఒకరోజు ఖాళీ అవుతుంది, తాళంచెవి బయటపడుతుంది. పాటకు ఆ అడుగు ఎక్కడ? ఇరవయ్యేళ్లు విన్నా అది ఖాళీ కాదే!

ఖాళీ కాకపోగా నిండుతుంది కూడా. కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన ఆర్కేడ్ ఫైర్ బృందం 2004లో తెచ్చిన ‘ఫ్యునరల్’ సంగతి చెబుతాను. ఆ ఆల్బం రికార్డు చేస్తున్న రోజుల్లో సభ్యుల ఇళ్లలో వరసగా చావులు జరిగాయి. ఒకరి అవ్వ, మరొకరి తాత, ఇంకొకరి దగ్గరి బంధువు. అందుకే ఆ పేరు. మొదటి పాటలో ఊరంతా మంచులో కూరుకుపోతే, ఒక పిల్లవాడు తన కిటికీ నుంచి స్నేహితురాలి కిటికీకి సొరంగం తవ్వుకుంటాడు. మా తోటవాడు కుర్రతనంలో దీనికి అయిదు వేసినవాడు. “మంచులో సొరంగమేంట్రా, మనకు మే నెలలో తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంటే” అని అప్పట్లో వాడి వాదన. మళ్లీ విన్న ఆదివారం తొమ్మిది అన్నాడు. మేం ఎగతాళి చేయబోయాం. వాడు నవ్వలేదు.

“నాన్న పోయి పెద్దకర్మ అయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయిన రోజు తోటలో ఒక్కణ్ణే కూర్చుని విన్నాను బావా. ఇది చావు గురించి కాదు. చావు అయిపోయిన ఇంట్లో మిగిలినవాళ్లు, ఏం చేయాలో తోచక చేసే గోల గురించి. ఆ డ్రమ్ములు చూడు, ఎవరో తలుపులు బాదుతున్నట్టు లేదూ?”

మళ్లీ పెట్టి విన్నాం. నిజమే.

ఇప్పుడు చెప్పండి, ఆ అయిదు తప్పా? నాన్న బతికున్న కుర్రాడికి ఆ ఆల్బంలో తొమ్మిది కనపడాలని అడగడం న్యాయమేనా? పోనీ తొమ్మిదే అసలు మార్కు అందామా? అలా అంటే దుఃఖం పడ్డవాడికే వినే అర్హత ఉందని అర్థం. అది నేను ఒప్పుకోను. దుఃఖం చెవిని తెరుస్తుంది, ఒక్కోసారి మూసేస్తుంది కూడా. ఆత్మీయులు పోయాక పాటలనేవే వినడం మానేసినవాళ్లు నాకు తెలుసు. ఆల్బంలో ఒక్క స్వరం కూడా మారలేదు. మారినవాడు వాడు. అయితే మార్కు ఆల్బానికి వేశాడా, తనకు తాను వేసుకున్నాడా? డాలస్ మిత్రుడు అన్నది నాకు నచ్చింది. “రెండూ కాదు. ఆ సాయంత్రానికి వేశాడు.” ఒక వస్తువూ ఒక మనిషీ ఒకానొక రోజు కలుసుకున్నప్పుడు జరిగినదానికి ఆ అంకె గుర్తు. నూజివీడు రసానికి గ్రేడు వేయలేకపోవడానికి కూడా కారణం ఇదేనేమో. అది ఆ రోజే, ఆ చెట్టు దగ్గరే, ఆ నోటికే.

ఇంతవరకు బాగానే ఉంది. ఒక ఆదివారం మాలో ఒకడి కూతురు కాల్ మధ్యలో చేరింది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివిన పిల్ల. 2008లో పెట్టిన ఆ సంస్థలో ఆరేళ్ల చదువు, పదో తరగతి ఫలితం చూసి సీటిస్తారు. ఈ అమ్మాయి చదివిన కాలంలో పదో తరగతికి మార్కులు తీసేసి, పదికి ఇన్ని గ్రేడు పాయింట్లని ఇచ్చేవారు. అంటే పల్లెటూళ్ల బడుల నుంచి పదిహేనేళ్ల పిల్లలు, నుదుటి మీద పదికి ఎంతో రాయించుకుని హాస్టలుకు వచ్చేవాళ్లు. ఆల్బం అయ్యాక, “నువ్వెంత వేస్తావమ్మా?” అన్నాను.

“నేను వెయ్యను పెదనాన్నా” అంది. “పాట బాగుంది. మార్కు మాత్రం వెయ్యను.”

ఎందుకని అడిగితే కాసేపు ఊరుకుని, “మీరు పాతిక సంవత్సరాల కిందటి ఆల్బాన్ని మళ్లీ కూర్చోబెట్టుకుని విని మార్కు మారుస్తున్నారు గదా. నన్నెవరూ మళ్లీ వినలేదు” అంది.

ఆ మాటకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. పరీక్ష పేపరుకు రీకౌంటింగ్ ఉంది, ఫీజు కట్టొచ్చు. అది కూడిక సరిచూడటం. మనిషిని మళ్లీ చదవడానికి ఏ బోర్డుకూ దరఖాస్తు లేదు. పదిహేనో ఏట పడిన అంకె పెళ్లిచూపుల దాకా వెంట వస్తుంది. మన ఇళ్లలో ర్యాంకు అన్నది పిల్లల పేరుకు ముందు చేరిన ఇంటిపేరైంది. లిజ్ ఫేర్‌కు పద్దెనిమిదేళ్లకైనా ఆరు దొరికింది. ఆల్బానికి ఉన్న పాటి అప్పీలు పిల్లకు లేకపోతే ఎలా?

నా లెక్కలో మార్కు వేయడం పాపం కాదు. వేసిన మార్కును మళ్లీ ముట్టుకోకపోవడమే అసలు దోషం. ఈ మాట చెప్పడానికి నేను అమెరికా పత్రిక దాకా పోనక్కర్లేదు. మా పాత కృష్ణా జిల్లా అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చేసింది అదే. వేల ఏళ్లుగా జనం మారుమాట లేకుండా పదికి పది వేసిన కథల్ని ఆయన మళ్లీ మొదటి నుంచి విన్నాడు. 1920లో ‘శంబుకవధ’ నాటకం రాసి, తపస్సు చేసుకుంటున్న శూద్రుణ్ణి చంపిన రాజుకు ఆ ఒక్క పేపరులో ఎన్ని మార్కులు వేస్తారని అడిగాడు. జనం గగ్గోలు పెట్టారు. ఆయన లెక్క అందరూ ఒప్పుకోవాలని లేదు. నేనూ అన్నిచోట్లా ఒప్పుకోను. కానీ ఒక సమాజం తన గొప్ప పాటను మళ్లీ వినడానికి భయపడితే, ఆ పాట మీద దానికి నమ్మకం ఉన్నట్టా, లేనట్టా?

మళ్లీ వినడం ఎప్పుడూ తీయగా ఉంటుందని హామీ లేదు. 2022లో ఆర్కేడ్ ఫైర్ గాయకుడు విన్ బట్లర్ మీద కొందరు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు చేశారు. జరిగినవన్నీ పరస్పర సమ్మతితోనే అని ఆయన అన్నాడు. ఆ వార్త చదివినవాడికి ‘ఫ్యునరల్’ ఎలా వినపడాలి? డాలస్ మిత్రుడు ఇక దాన్ని వినలేనన్నాడు. తోటవాడు, “మా నాన్న పోయిన రోజు నాతో ఉన్నది ఆ డ్రమ్ములు, ఆయన కాదు” అన్నాడు. ఇద్దరినీ ఒక్క అంకె మీదికి తేవాలని చూశాం, కుదరలేదు. కుదరకపోవడమే మర్యాద అనిపించింది. కళ వేరు, కళాకారుడు వేరు అని చెప్పేసి చేతులు దులుపుకునేవాళ్లను చూస్తే నాకు అనుమానం. బాధ పడ్డవాళ్ల మాట వినకుండా పాట మాత్రం వినే చెవిని మంచి చెవి అనలేను.

నూజివీడు వాళ్లమై ఉండి ‘ముత్యాల ముగ్గు’ వినకపోతే ఎలాగని ఒక వారం దాని పాటలు పెట్టుకున్నాం. 1975 నాటి సినిమా. బాపు దర్శకత్వం, ముళ్లపూడి వెంకటరమణ రచన, కె.వి.మహదేవన్ సంగీతం. ఆ ఏడాది జాతీయ బహుమతుల్లో ఉత్తమ తెలుగు చిత్రం అదే. ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్యకూ బహుమతి వచ్చింది. నిర్మాత ఎం.వి.ఎల్. ఇక్కడి ధర్మ అప్పారావు కాలేజీలో తెలుగు చెప్పిన మాస్టారు. సినిమా పాటల్ని మన పట్టికలో ఎలా చేరుస్తామని హైదరాబాదువాడు అభ్యంతరం పెట్టాడు. “మామిడితోటల ఊళ్లో తెలుగు లెక్చరరు సినిమా తీస్తే అంతకన్నా ఇండీ ఏం కావాలిరా?” అన్నాడు డాలస్‌వాడు. అభ్యంతరం వీగిపోయింది.

అందులో గుంటూరు శేషేంద్ర శర్మ రాసి, పి.సుశీల పాడిన తోట పాట ఉంది. ఏ పాటో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కడుపులో గూడు కట్టుకున్న ఏడుపును సుశీల గొంతు ఎక్కడా తొణకనీయదు. మహదేవన్ వాద్యాలు ఆ గొంతుకు దారి ఇచ్చి పక్కకు నిలబడతాయి. ముగ్గురం తొమ్మిదికి అటూ ఇటూ వేశాం. తోటవాడు ఆరు అన్నాడు.

“ఆరా? నీకు మతిపోయిందిరా?”

“తోట నిద్రపోవడమేంటి బావా? పూత మీద తేనెమంచు పురుగు పడితే మందు కొట్టించే దాకా తోటలో ఎవడికీ నిద్ర ఉండదు. కాయ దిగాక కాపలా. ఆ పాటలో తోట ఉంది, తోటలో మనిషి లేడు.”

“పాటలో ప్రతి తోటకీ కాపలావాణ్ణి పెట్టమంటావా?”

“పెట్టమనడం లేదు. లేడని చెబుతున్నాను. అందుకే ఆరు.”

కవికి తోట అంటే మనసు అని వాడికి తెలియక కాదు. వాడు చిన్నప్పటి నుంచి ఆ పాట వింటూనే ఉన్నాడు. వాడికి తెలిసిన తోటలో మంచంమీద కప్పుకున్న గోనెపట్టా ఉంది, చిక్కం కర్ర ఉంది, గిట్టుబాటు కాని ఏటి అప్పు ఉంది. అన్నీ పక్కన పెట్టి విను అని ఎవరమూ అనలేకపోయాం. అలాగని నా తొమ్మిదిలో నుంచి అర మార్కు కూడా తగ్గించుకోలేదు. సగటు తీద్దామని బ్యాంకువాడు లెక్కలకు దిగబోతే వద్దన్నాం. ఆరుకూ తొమ్మిదికీ మధ్య ఏడున్నర దగ్గర ఏ మనిషీ నిలబడి లేడు.

‘ముత్యాల ముగ్గు’కు నా మార్కు తొమ్మిది, వాడి మార్కు ఆరు, మా పుస్తకంలో రెండూ అలాగే ఉన్నాయి. వచ్చే వారం ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’. 1986లో వచ్చిన వాద్య సంగీతం, త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితం ఇచ్చింది, వి.ఎస్.నరసింహన్ వయొలిన్ వాయించింది. మీరూ వినండి. ఎప్పుడో విన్నామని వదిలేయకండి. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని వినండి, పదికి ఎంతో చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఆ పక్కనున్నది పదో తరగతి రాసి ఫలితం కోసం చూస్తున్న పిల్లవాడైతే, వాడి అభిప్రాయం ముందు అడగండి.